మక్5ఏసీ "ఫోకల్ పాజిటివ్" అంటే నాన్న క్యాన్సర్ ముదిరినట్టా?

పెద్దకొడుకు_గుడివాడ
నాన్నకి 63. జనవరిలో ఎండోస్కోపీ చేస్తే కడుపు కింది భాగంలో పుండు కనబడింది. బయాప్సీలో అడినోకార్సినోమా, అంటే గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్ అని వచ్చింది. నాలుగు సైకిళ్లు ఫ్లాట్ (నాలుగు మందులు కలిపి ఇచ్చేది) కీమో అయ్యాక పోయిన నెల సర్జరీ చేసి కడుపు ముప్పావు వంతు తీసేశారు. ఇప్పుడు ఫైనల్ రిపోర్టు చేతికొచ్చింది.

జనవరి బయాప్సీలో ఇలా ఉంది: హెర్2 నెగెటివ్, ఎంఎంఆర్ ఇంటాక్ట్, మక్5ఏసీ పాజిటివ్, మక్2 నెగెటివ్.
సర్జరీ తర్వాత: మక్5ఏసీ ఫోకల్ (అక్కడక్కడా మాత్రమే) పాజిటివ్, మక్2 ఫోకల్ పాజిటివ్, మక్6 నెగెటివ్. 24 లింఫ్ నోడ్లలో 2 పాజిటివ్.

డాక్టరు గారు స్టేజీ గురించి, మిగిలిన నాలుగు కీమోల గురించి బాగానే చెప్పారు. ఈ మక్‌ల సంగతి అడిగితే మాత్రం "వాటిని పట్టించుకోకండి" అన్నారు. పట్టించుకోనక్కర్లేకపోతే రిపోర్టులో ఎందుకు వేస్తారండీ? రాత్రి పన్నెండింటికి ఫోన్లో వెతికితే "మక్5ఏసీ తగ్గితే బతికే కాలం తక్కువ" అని కనబడింది. అప్పట్నుంచీ నిద్ర లేదు. ఐదు నెలల్లో క్యాన్సర్ రకం మారిపోయిందా? ముదిరిందా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఉప్మా_వద్దు
ఐదు ఏసీలున్నా చెమటలు పడుతున్నాయన్నమాట మీకు. ఏమనుకోకండి, కాస్త నవ్వుతారని అన్నాను. మా అమ్మ రిపోర్టులోనూ ఇవే పేర్లున్నాయి, నాకూ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరైనా చెప్తారేమోనని ఇక్కడే కూర్చున్నా.

ఐదో_సైకిల్
నేను పేషెంటుని. చెప్పనా? బిల్లు కోసం వేస్తారు. నాకు ఒక ల్యాబ్‌లో నాలుగు మక్‌లు, రెండు సీకేలు, ఇంకేవో కలిపి చేసి బిల్లు చేతిలో పెట్టారు. నా ఆంకాలజిస్టు ఆ పేజీ తిప్పి కూడా చూడలేదు. మందు ఎంచుకోడానికి పనికొచ్చే హెర్2 ఎక్కడుందని వెతుక్కుని, పీడీ-ఎల్1 చూసి, కాగితం మడిచి ఇచ్చేశాడు. మక్ వల్ల నా కీమోలో ఒక్క చుక్క మారలేదు.

గాజుపలక
పాథాలజీ నా వృత్తి. మీ నాన్నగారి స్లైడు నేను చూడలేదు కాబట్టి ఆయన గురించి తీర్పు చెప్పను. ఈ మక్‌ల సంగతి మాత్రం చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

బెండకాయ కోస్తే వచ్చే జిగురు తెలుసుగా. మన కడుపు లోపలి గోడ మీద అలాంటి జిగురు పొర ఎప్పుడూ ఉంటుంది. అది లేకపోతే మన యాసిడ్ మన కడుపునే తినేస్తుంది. ఆ జిగురుకి అసలు సరుకు మ్యూసిన్ అనే ప్రొటీన్లు, పొట్టిగా మక్. కనిపెట్టిన వరసలో వాటికి నంబర్లు పెట్టుకుంటూ పోయారు, నంబరు పెద్దదైతే రోగం పెద్దదని కాదు. కడుపు పై పొరలో కణాలు తయారుచేసేది మక్5ఏసీ. కింద గ్రంథుల్లో తయారయ్యేది మక్6. మక్2 మాత్రం పేగు సరుకు, పేగులో చెంబు ఆకారంలో ఉండే గోబ్లెట్ కణాల్లో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కడుపులో అది కనబడకూడదు.

అంటే కణాలకి రంగు పట్టించి చూసే ఈ పరీక్ష అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ క్యాన్సర్ కణం కడుపు వేషంలో ఉందా, పేగు వేషంలో ఉందా?" మక్5ఏసీ, మక్6 ఉంటే గ్యాస్ట్రిక్ టైపు అంటాం. మక్2, సీడీ10 అనే ఇంకో పేగు గుర్తు ఉంటే ఇంటెస్టినల్ టైపు. రెండూ ఉంటే మిక్స్‌డ్. ఏదీ లేకపోతే నల్ టైపు. మీ నాన్నగారిది రెండో రిపోర్టు ప్రకారం మిక్స్‌డ్. చాలామందిలో కనబడేదే.

ఇక ఐదు నెలల్లో మారిందా అన్నది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా, క్యాన్సర్ గడ్డ దగ్గర ఆ లెక్క కుదరదు. ఎండోస్కోపీలో తీసేవి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలు, అదీ పైపొర నుంచి. సర్జరీలో గడ్డ మొత్తం వస్తుంది, లోతు దాకా కోసి చాలా బ్లాకులు (ముక్కలు పొదిగిన మైనం దిమ్మెలు) చేస్తాం. కడుపు రకం మ్యూసిన్ పైపొరలో ఎక్కువగా ఉండి లోతుకెళ్లేకొద్దీ తగ్గడం మేం తరచూ చూసేదే. పైగా మధ్యలో నాలుగు కీమోలు పడ్డాయి. మిగిలిన కణాలన్నీ మొదటివాటిలాగే ఉండాలని లేదు. కాబట్టి "పాజిటివ్" కాస్తా "ఫోకల్" అయిందంటే ముదిరిందని అర్థం కాదు. వేరే చోట చూశారు, అంతే.

పెద్దకొడుకు_గుడివాడ
గాజుపలక గారూ, రెండుసార్లు చదివాను. బెండకాయ అర్థమైంది. కానీ నేను చదివిన ఆ "బతికే కాలం తక్కువ" మాట తప్పా మరి?

పీహెచ్‌డీ_పూర్తికాలేదు
తప్పు కాదు. గాజుపలక గారు ఆ సంగతి దాటేశారు కాబట్టి నేను చెప్తాను. మక్5ఏసీ మీద వచ్చిన పరిశోధనలు చాలా ఉన్నాయి. వాటిని కలిపి లెక్కగట్టిన మెటా ఎనాలిసిస్‌లో మక్5ఏసీ తగ్గినవాళ్లకి ఫలితాలు అంత బాగా లేవనే తేలింది. మక్1 సంగతి ఇంకా స్పష్టం: అది ఎక్కువున్నవాళ్లకి బతికే కాలం తక్కువని చాలా పరిశోధనలు ఒకే మాట చెప్పాయి. ఎందుకో కూడా కొంత తెలుసు. మక్1 జిగురులో కలిసేది కాదు, కణం పైపొరకి అంటుకుని ఉంటుంది. మామూలు కణంలో పైవైపు అంచునే ఉంటుంది. క్యాన్సర్ కణానికి పైనా కిందా తేడా పోయాక చుట్టూరా పరుచుకుంటుంది. దాంతో పక్క కణాల్ని అంటిపెట్టుకునే గుణం తగ్గుతుంది, లోపలికి వెళ్లే దాని తోక బీటా కెటెనిన్ లాంటి ప్రొటీన్లతో కలిసి పెరగమని సంకేతాలిస్తుంది. అన్నీ "పట్టించుకోకండి" అంటే ఎలా?

ఐదో_సైకిల్
అయితే మక్1 ఎక్కువుంటే ఇచ్చే మందేంటో చెప్పండి మేడమ్.

పీహెచ్‌డీ_పూర్తికాలేదు
@ఐదో_సైకిల్ ఇప్పుడు మామూలుగా వాడే మందు ఏదీ లేదు. నేను మందు గురించి అనలేదు, రోగం నడక గురించి అన్నాను. ఆ రెండూ వేరు. అన్నట్టు నేను మేడమ్ కాదు, సార్.

ఉప్మా_వద్దు
😂 పీహెచ్‌డీ సార్, పూర్తయ్యాక పేరు మార్చుకోండి.

నగోయా_నాయుడు
ఈ విషయంలో నా కేసు పనికొస్తుందేమో. నేను జపాన్లో ఉంటాను. కంపెనీ హెల్త్ చెకప్‌లో ఎండోస్కోపీ చేస్తే గోరంత మచ్చ కనబడింది. చాలా తొలి దశ. కడుపు కోయకుండా ఎండోస్కోపీతోనే ఆ పొరని ఒలిచి తీసేశారు, ఈఎస్‌డీ అంటారు. నా రిపోర్టులో గ్యాస్ట్రిక్ టైపు అని ఉంది, అంటే మక్5ఏసీ బాగా పాజిటివ్. పీహెచ్‌డీ గారి లెక్కన నేను ఎగిరి గంతెయ్యాలి. మా డాక్టరు మాత్రం మొహం కాస్త సీరియస్‌గా పెట్టాడు. ఆయన చెప్పింది: "గ్యాస్ట్రిక్ టైపు గడ్డ రంగు చుట్టూ ఉన్న మామూలు పొర రంగులోనే కలిసిపోతుంది, అంచు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం." అందుకే నాకు తీసే ముందు చుట్టూరా నాలుగు చోట్ల చిటికెడు ముక్కలు తీసి అంచు ఖాయం చేసుకున్నారు. ఇక్కడి పరిశోధనల్లో కొన్నిట్లో, తొలి దశలో గ్యాస్ట్రిక్ టైపే పాకే గుణం ఎక్కువున్న రకమని వచ్చిందట.

అంటే ఒకచోట మక్5ఏసీ ఉంటే మంచిది, ఇంకోచోట ఉంటే జాగ్రత్త. నాకు అప్పట్నుంచే వీటి మీద నమ్మకం పోయింది.

గాజుపలక
నాయుడు గారు సరిగ్గా పట్టుకున్నారు. పీహెచ్‌డీ గారూ, నేను దాటేయలేదు, ఇది విడిగా చెప్పాల్సిన సంగతని ఆగాను.

ఒకటి, పరిశోధకులు పాజిటివ్ అనే గీత ఎక్కడ గీశారో చూడండి. ఒకరు నూటికి ఐదు కణాలకి రంగొస్తే పాజిటివ్ అంటారు, ఒకరు పది అంటారు, ఇంకొకరు రంగు ముదురుని కూడా మార్కులేసి కలుపుతారు. రంగు పట్టించడానికి వాడే యాంటీబాడీలు వేరు. కొందరు తొలి దశ వాళ్లనే తీసుకున్నారు, కొందరు ముదిరినవాళ్లని. అందుకే ఒకళ్ల లెక్క ఇంకొకళ్లకి అతకదు. రెండు, స్టేజీ. గడ్డ ఎంత లోతుకి వెళ్లింది, ఎన్ని నోడ్లకి పాకింది అన్నవి పక్కన పెట్టి చూస్తే మక్‌లు పెద్దవిగా కనబడతాయి. వాటిని లెక్కలోకి తెచ్చాక మక్‌ల బలం చాలా పరిశోధనల్లో తగ్గిపోతుంది, కొన్నిట్లో పూర్తిగా పోతుంది.

మక్1 గురించి మీరన్నది ఒప్పుకుంటాను. మిగతావాటికంటే అదే నిలకడగా ఉంది. కానీ ఇక్కడ అడిగినాయన నాన్నగారికి మక్1 చెయ్యనే లేదు. లేని పరీక్ష గురించి చెప్పి ఆయన్ని ఇంకో రాత్రి మేలుకోబెట్టడం ఎందుకు?

పీహెచ్‌డీ_పూర్తికాలేదు
సరే, ఆ మాటకి ఒప్పుకుంటా. గుంపుల మీద తేలిన సగటుని ఒక మనిషికి అతికించకూడదు, అది నా పొరపాటు. కానీ రోగం నడకకీ మ్యూసిన్లకీ సంబంధమే లేదంటే మాత్రం ఒప్పుకోను. కడుపులో చేరే పైలోరీ బాక్టీరియా మక్5ఏసీ ఉన్నచోటే అంటుకుంటుంది. లోపలి గ్రంథుల మక్6కి తగులుకుని ఉండే ఒకరకం చక్కెర దాన్ని పెరగనివ్వదు, 2004లో జపాన్ వాళ్లు నిరూపించారు. ఒకే కడుపులో పై జిగురు దానికి ఇల్లు, కింద జిగురు దానికి విషం. ఇదంతా ఉత్తినే ఉంటుందా?

నగోయా_నాయుడు
ఇది మాత్రం బాగుంది. నాకూ పైలోరీ ఉండేది, వారం రోజులు మాత్రలిచ్చి చంపేశారు. కడుపు లోపలి పొరకి వాపు ఉన్నా చాలు, ఇక్కడ 2013 నుంచీ ఆ మందులకి ఇన్సూరెన్సు వర్తిస్తుంది.

మాగాయ_మామ్మ
ఈ పైలోరీ మన ఊరగాయల్లో ఉంటుందా నాయనా? మా కోడలు ఆవకాయ జాడీ అటక ఎక్కించేసింది.

గాజుపలక
ఉండదు మామ్మగారూ. అది ఎక్కువగా చిన్నతనంలోనే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. కాకపోతే ఉప్పులో ఊరేసినవి ఎక్కువగా తినేవాళ్లకి కడుపు క్యాన్సర్ ఎక్కువని జపాన్, కొరియా పరిశోధనల్లో తేలింది. రోజూ ముద్దముద్దకీ కాకుండా ఎప్పుడో ఓసారి నాలిక్కి రాసుకోండి.

మాగాయ_మామ్మ
జాడీ దింపమని చెప్తాను అయితే.

ఓరుగల్లు_అక్క
@ఐదో_సైకిల్ తమ్ముడూ, బిల్లు కోసమే వేస్తారన్నావు చూడు, అన్నిసార్లూ కాదు. మా అమ్మకి కడుపుబ్బరం అని చూపిస్తే రెండు అండాశయాల్లోనూ గడ్డలు. రక్తంలో చూసే క్యాన్సర్ గుర్తు సీఏ-125 పెరిగింది. అందరూ అండాశయ క్యాన్సరే అనుకున్నారు. తీసిన ముక్క మీద, జబ్బు ఎక్కడ పుట్టిందో చెప్పే సీకే7, సీకే20, మక్‌లు, పాక్స్8 అన్నీ వేశాక పాథాలజీ వాళ్లే ఫోన్ చేసి "ఒకసారి ఎండోస్కోపీ చేయించండి" అన్నారు. అసలు జబ్బు కడుపులో ఉంది. కడుపు నుంచి అండాశయాలకి పాకే ఈ రకాన్ని క్రూకెన్‌బర్గ్ అంటారట. ఆ పరీక్షలు వేయకపోతే మేం తప్పుడు కీమో పెట్టించుకునేవాళ్లం. అమ్మ పద్నాలుగు నెలలుంది మాతో. ఆ నెలల్లో సగం మాకు దక్కింది ఆ ఫోన్ వల్లే అనుకుంటా.

ఐదో_సైకిల్
అక్కా, సారీ. అది నాకు తెలియదు. నా బాధలో నేనన్నాను.

గాజుపలక
అక్కగారి అమ్మగారి విషయంలో పాథాలజీ వాళ్లు చేసింది సరైన పని. ఒక చిన్న సంగతి: ఆ సీఏ-125 ఉందే, అది మక్16 ముక్కే. రొమ్ము క్యాన్సర్ వాళ్లకి చేయించే సీఏ 15-3 మక్1 ముక్క. ఇన్నాళ్లూ మక్ అని తెలియకుండానే మనం మక్‌లు చూస్తున్నాం.

రెండో_అభిప్రాయం
నాదొక అనుభవం. మా బాబాయికి ఒక ప్రైవేటు ల్యాబ్‌లో మక్5ఏసీ, మక్2, మక్6 అన్నీ నెగెటివ్ అని ఇచ్చారు. నల్ టైపు, చెడ్డదేమో అని ఇల్లంతా ఏడుపు. నేను బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకుని హైదరాబాద్ బయల్దేరాను. మే నెల. బ్లాకులంటే మైనం దిమ్మెలే కదా, కరుగుతాయేమోనని భయం. స్టీలు టిఫిన్ డబ్బాలో దూదిలో చుట్టి, ఏసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. పక్కాయన "స్వీట్లా బాబూ" అన్నాడు.

అక్కడ పాథాలజిస్టు మేడమ్ పాత స్లైడే నా ముందు మైక్రోస్కోపులో పెట్టి చూపించారు. క్యాన్సర్ పక్కనే మామూలు కడుపు పొర కొంచెం ఉంది. దానికి డికాక్షన్ లాంటి గోధుమ రంగు రావాలి, ఎందుకంటే మామూలు పొరలో మక్5ఏసీ ఖచ్చితంగా ఉంటుంది. అది కూడా పాలిపోయి నీలంగానే ఉంది. "మామూలు పొరకే రంగు పట్టలేదంటే పరీక్ష ఫెయిలైంది, మీ బాబాయి కాదు" అన్నారు. మళ్లీ వేస్తే మక్5ఏసీ పాజిటివ్.

ఉప్మా_వద్దు
"పరీక్ష ఫెయిలైంది, మీ బాబాయి కాదు". ఈ ముక్క మా అమ్మ రిపోర్టు మీద రాసుకుంటా.

గాజుపలక
ఆ మేడమ్ చూపించింది ఇంటర్నల్ కంట్రోల్. అందరూ అడగాల్సిన ప్రశ్న అదే. పెద్దకొడుకు గారూ, మీ రిపోర్టులో "కంట్రోల్స్ అప్రోప్రియేట్" అనో, పక్క పొర రంగు పట్టిందనో రాశారేమో చూడండి. బ్లాకులు మాత్రం ఏసీ లేని కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. మైనం అరవై డిగ్రీల లోపే కరిగిపోతుంది, మన మే ఎండకి కారు లోపల ఆ వేడి వస్తుంది.

పెద్దకొడుకు_గుడివాడ
చూశాను. రెండో పేజీ చివర ఉంది, కంట్రోల్స్ సరిపోయాయని.

ఇంకొక్కటి అడుగుతా, విసుక్కోకండి. మ్యూసినస్ కార్సినోమా అనేది చెడ్డదని ఎక్కడో చదివా. నాన్నకి మక్‌లు పాజిటివ్ అంటే అదేనా?

గాజుపలక
కాదు, ఇది అందరూ పడే పొరపాటే. గడ్డలో సగానికంటే ఎక్కువ భాగం కణాల బయట జిగురు మడుగుల్లా ఉంటేనే మ్యూసినస్ అంటాం. అది మామూలు గులాబీ నీలం స్లైడులోనే కనబడుతుంది, దానికి మక్ పరీక్ష అక్కర్లేదు. జిగురు కణం లోపలే నిండి కేంద్రకాన్ని ఓ మూలకి నెట్టేస్తే సిగ్నెట్ రింగ్, అంటే రాయి పొదిగిన ఉంగరం ఆకారం. ఈ రెండు మాటలూ మీ రిపోర్టులో లేవు కదా? లేకపోతే ఆ పేజీ మూసేయండి.

మీ నాన్నగారి విషయంలో చూడాల్సినవి ఇవి: గడ్డ ఎంత లోతు, 24లో 2 నోడ్లు, అంచులు క్లియరా, కీమోకి గడ్డ ఎంత తగ్గింది. కనీసం 16 నోడ్లు చూడాలంటారు, మీకు 24 చూశారు, సర్జను పని బాగా చేశాడు. హెర్2, ఎంఎంఆర్ అయ్యాయి. పీడీ-ఎల్1, క్లాడిన్ 18.2 అయ్యాయో లేదో డాక్టర్ని అడగండి, ఒకవేళ ఎప్పుడైనా మళ్లీ వస్తే మందు ఎంచుకోడానికి అవి కావాలి.

న్యూజెర్సీ_చిన్నమ్మ
క్లాడిన్ మాట వచ్చింది కాబట్టి. మా ఆడపడుచుకి కడుపు క్యాన్సర్ నాలుగో స్టేజీ. క్లాడిన్ పాజిటివ్ అని జోల్బెటుక్సిమాబ్ అనే మందు మొదలుపెట్టారు. ఇక్కడ 2024 అక్టోబర్లో అనుమతి వచ్చింది. నూటికి 75 కణాలకి రంగు బాగా పడితేనే ఇస్తారు, తనకి 80 వచ్చింది. మొదటి డోసు రోజు వాంతులు బాగా అయ్యాయి, డ్రిప్ బాగా స్లో చేసి పూర్తి చేశారు. గాజుపలక గారు చెప్పినట్టు రంగు పడితే మందు మారే పరీక్ష అంటే ఇది. మక్ అలాంటిది కాదు, నిజమే.

పీహెచ్‌డీ_పూర్తికాలేదు
ఇంకా కాదు. ఆ "ఇంకా" అన్న మాట తీసేయకండి.

గాజుపలక
తీసేయను లెండి. మీరు పూర్తిచేసి నిరూపిస్తే నా రిపోర్టులో మొదటి లైనులో రాస్తా.

ఐదో_సైకిల్
పెద్దకొడుకు అన్నా, మీ నాన్న ఇప్పుడు ఎలా తింటున్నారు? నాకు సర్జరీ తర్వాత మూడు నెలలు మామూలు భోజనం పడలేదు. తినగానే గుండె దడ, చెమట, పడుకోవాలనిపించేది. డంపింగ్ అన్నారు. గుప్పెడు గుప్పెడు ఆరుసార్లు తింటే తగ్గింది. భోజనం మధ్యలో నీళ్లు తాగొద్దు. బెల్లం, పాయసం దగ్గరికి వెళ్లొద్దు. బీ12 చూపిస్తూ ఉండండి, కడుపు తీసేసిన కొద్దీ అది పడిపోతుంది.

పెద్దకొడుకు_గుడివాడ
అవును తమ్ముడూ, చెమటలు పడుతున్నాయి ఆయనకి. పొద్దున నేను అదీ క్యాన్సరేమో అనుకున్నా. రాత్రి రెండు ఇడ్లీ తిన్నారు, గంటాగి ఇంకోటి.

ఇవాళ డాక్టర్ని కలిశాను. మక్‌ల గురించి ఈసారి అడగలేదు. అంచులు క్లియర్ అన్నారు. క్లాడిన్ అవసరమైతే దాచిన బ్లాకు మీదే వేస్తామన్నారు. ఐదో ఫ్లాట్ గురువారం. నాన్న మొదట్లో ఫ్లాట్ అంటే విజయవాడలో ఫ్లాట్ కొంటున్నానేమో అనుకున్నారు, ఇప్పటికీ అడ్వాన్స్ ఎంతిచ్చావని అడుగుతున్నారు. రిపోర్టు చూపించి "ఏసీ ఉన్న మక్ తగ్గిందట" అని చెప్తే "తగ్గితే మంచిదేగా, కరెంటు బిల్లు కలిసొస్తుంది" అన్నారు.

ఉప్మా_వద్దు
మీ నాన్న నా పార్టీ.

ఓరుగల్లు_అక్క
గురువారం ఆయనకి చేతి గ్లవ్స్, మఫ్లర్ తీసుకెళ్లండి. కీమో అయ్యాక వారం దాకా ఫ్రిజ్ తలుపు కూడా ముట్టనివ్వకండి, ఫ్లాట్‌లో ఉండే ఆ ఆక్సాలిప్లాటిన్‌కి చల్లటిది తగిలితే వేళ్లలో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. మంచినీళ్లు కూడా గోరువెచ్చగా పెట్టండి.